నాన్న ట్రేసింగు మీద మా ఊరి కాలవ – ప్రాజెక్టు డైరీ

జనవరి 13, భోగి ముందు రోజు

భోగి మంటలోకి ఏవేవి వెళ్ళాలో అమ్మ అటక మీంచి దించుతుంటే ఒక పీవీసీ పైపు దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. రెండు వైపులా గుడ్డ కుక్కి ఉంది. లోపల చుట్టచుట్టిన లేతనీలం గుడ్డ. నాన్న కుర్చీలోంచే అరిచాడు, "దాన్ని తడి చేత్తో ముట్టుకోకు!"

ట్రేసింగ్ క్లాత్ అంటే సన్నటి నూలుగుడ్డకి గంజిపూత పట్టించి నున్నగా చేసింది. చెమట తగిలినా చాలు, గంజి లేచిపోయి తెల్లమచ్చ పడుతుంది. దీని మూల ఒకచోట అలాంటి మచ్చే ఉంది, పక్కన సిరా ఒలికిన మరక. అందుకే ఆఫీసులో రద్దయింది, అందుకే మా ఇంట్లో మిగిలింది. నాన్న నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేశాడు, అంటే మ్యాపుల మీద ఈ గుడ్డ పరిచి సిరాతో నకలు గీసే పని. ఇది 1978లో మా ఊరి చెరువు ఆయకట్టుకి ఆయన గీసిన మ్యాపు. స్కేలు మైలుకి నాలుగు అంగుళాలు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, శ్రీకూర్మానికి కాస్త ఉత్తరాన. చెరువు పదిహేనేళ్ళుగా సగం కూడా నిండటం లేదు. వానలు లేవని కొందరు, ఆక్రమణలని కొందరు అంటారు. ఈ మ్యాపులో చెరువుకి ఈశాన్యంగా ఒక సన్నటి జంటగీత ఉంది. గెడ్డ (వాగు) నుంచి చెరువుకి నీళ్ళు తెచ్చే సప్లై ఛానల్. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ కాలవని నేనెప్పుడూ చూడలేదు. గూగుల్‌లో కూడా లేదు.

ప్రాజెక్టు ఇదీ: ఈ గుడ్డ మీది గీతని ఇవాళ్టి మ్యాపు మీద పెట్టి, ఆ కాలవ ఎక్కడ ఉండేదో, ఏమయిందో చూడాలి. నా ఉద్యోగం అకౌంట్స్. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ అంతా యూట్యూబ్ చదువే. ఆదివారాలు తప్ప టైం లేదు.

జనవరి 19

మొదటి దెబ్బ స్కానింగ్ దగ్గరే. టౌన్‌లో ఒక జిరాక్స్ షాపులో పెద్ద రోలర్ స్కానర్ ఉంది. గుడ్డ కదా, రోలరు లాగినప్పుడు సాగింది. కుర్రాడు సాయం చేద్దామని ఇంకో కొస పట్టుకుని మరీ లాగాడు. ఇంటికొచ్చి గుడీ, చెరువుగట్టు మూలా, రోడ్ల కూడలీ వంటి ఆరు పాయింట్లని శాటిలైట్ బొమ్మతో కలిపితే సగటు తేడా 41 మీటర్లు చూపించింది. మైలుకి నాలుగు అంగుళాలంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 16 మీటర్లు. అంటే రెండున్నర మిల్లీమీటర్ల తప్పు. నాన్నకి చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది. "నా చేతిలో రెండున్నర మిల్లీమీటర్లు తప్పా?" అని రాత్రి అన్నం సరిగా తినలేదు.

జనవరి 26

సెలవు. గుడ్డని డైనింగ్ టేబులు గ్లాసు కింద పరిచి, నాలుగు ముక్కలుగా ఫోనుతో పైనుంచి ఫొటోలు తీశాను. ఫోను ఊగకుండా రెండు కుర్చీల మీద కర్ర పెట్టి కట్టాను. నాలుగూ అతికించి మళ్ళీ అవే ఆరు పాయింట్లు పెట్టాను.

తేడా 7 మీటర్లు. కాగితం మీద అర మిల్లీమీటరు లోపు. నా ఫోను జీపీఎస్సే ఆరుబయట నాలుగైదు మీటర్లు అటూఇటూ చెబుతుంది.

నాన్న ఏమీ అనలేదు. టీవీ సౌండు మాత్రం కాస్త పెంచాడు.

ఒక్క అక్షరాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది ఆ పని ఎలాంటిదో. "చెరువు" అన్న మాటలో 'చె' కింద సిరా కొంచెం గరుకుగా ఉంది. అక్కడ తప్పు పడితే సగం బ్లేడుతో గీకి, ఆ చోటుని గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ రాశాడట. గీకిన చోట రుద్దకపోతే సిరా పాకుతుంది. గీతలకి రూలింగ్ పెన్ను, అక్షరాలకి కాకి ఈకంత సన్నటి పాళీ. కంట్రోల్-జడ్ లేని పని.

ఫిబ్రవరి 2

కొంచెం పక్కదారి పట్టాను. ఇంకా పాత మ్యాపులో ఈ చెరువు ఉందా అన్న సరదాతో, ఆన్‌లైన్ ఆర్కైవులో దొరికిన 19వ శతాబ్దపు మ్యాపు ఒకటి తెచ్చాను. అంగుళానికి నాలుగు మైళ్ళు. శ్రీకాకుళం అందులో చికాకోల్, గంజాం జిల్లా. మన తాలూకా 1936 దాకా గంజాంలోనే ఉంది. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. కొండలకి కంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) లేవు. వాలు వెంట సన్నసన్న గీతలు గీసి గొంగళిపురుగుల్లా చూపించారు. ఎత్తు ఎంతో తెలియదు, కొండ అని మాత్రం తెలుస్తుంది.

అంచుల్లో అక్షాంశ రేఖాంశాలు అచ్చేసి ఉన్నాయి కదా అని వాటి ప్రకారమే కూర్చోబెట్టాను. శ్రీకూర్మం వెళ్ళి బంగాళాఖాతంలో పడింది! కూర్మావతారం కాబట్టి ఇబ్బంది లేదనుకోండి, కానీ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోడానికి సగం రాత్రి పట్టింది.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో దేశంలోని రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్క కట్టేవారు. ఆ అబ్జర్వేటరీ గ్రీనిచ్‌కి ఎంత తూర్పున ఉందన్న దగ్గరే దాదాపు రెండున్నర నిమిషాల తప్పుంది. నిమిషం అంటే గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. తర్వాత టెలిగ్రాఫ్ తీగల మీద సమయాలు సరిచూసుకుని అసలు విలువ తేల్చారు. అందుకే పాత షీట్లు వాడేటప్పుడు రేఖాంశంలోంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసెయ్యాలి. మా అక్షాంశం దగ్గర అది సుమారు 4.3 కిలోమీటర్లు. తీసేశాను. దేవుడు ఒడ్డుకి వచ్చాడు. పూర్తిగా కాదు, ఇంకా రెండు వందల మీటర్ల పైన తేడా ఉంది.

ఆ మిగిలిన ముక్క భూమి సైజుది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్ కొలవడంతో మొదలైన త్రికోణాల సర్వే మీదే మన పాత మ్యాపులు నిలబడ్డాయి. ఆ కొలతల నుంచి జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమికి ఒక ఆకారం లెక్కకట్టాడు. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో ఆకారం. భూమధ్యరేఖ దగ్గర రెండింటి వ్యాసార్ధాలకీ 861 మీటర్ల తేడా, కేంద్రాలు కూడా ఒకచోట లేవు. క్యూజీఐఎస్‌లో సరైన మార్పిడి ఎంచుకుంటే ఇదీ పోయింది.

ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. ఇంత పెద్ద తప్పు కూడా మ్యాపు మొత్తానికీ ఒకే దిక్కున, ఒకే కొలతలో ఉంది. శ్రీకూర్మానికీ అరసవల్లికీ మధ్య దూరం చెడలేదు. మొత్తాన్ని పట్టుకుని పడమటికి జరిపితే చాలు.

చెరువు మాత్రం ఆ స్కేల్లో లేదు.

ఫిబ్రవరి 9

కేంద్ర ప్రభుత్వ మ్యాపుల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పాత ఒక అంగుళం షీట్ల స్కాన్లు తెరిచాను. మైలుకి ఒక అంగుళం. శ్రీకాకుళం 65 ఎన్/15 నంబరు షీట్లో వస్తుంది, కళింగపట్నం 74 బి/3లో. రెండూ 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కలుస్తాయి, ఆ రేఖ మా పొలాల మీదుగానే పోతుంది. చెరువు ఏ షీట్లోనూ పూర్తిగా లేకుండా అంచున చీలిపోయింది. ఎంత అవస్థో.

అయినా ఈ షీట్లలో వివరం చూస్తే ముచ్చటేస్తుంది. చెరువుగట్టు పక్కన '8ఆర్' అని చిన్న అంకె. అంటే చుట్టుపక్కల నేల కంటే గట్టు ఎనిమిది అడుగుల ఎత్తు. ఎవరో అక్కడ నిలబడి చూస్తే తప్ప రాయలేని అంకె. ఊరికి తూర్పుగా తాటిచెట్ల గుర్తులు బారుగా ఉన్నాయి. అప్పటికి వాటిని పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 16

ఇప్పుడు కొత్త మ్యాపు. 2005 మ్యాప్ పాలసీ తర్వాత సర్వే ఆఫ్ ఇండియా మామూలు జనం కోసం వేరే సిరీస్ తెచ్చింది, ఓపెన్ సిరీస్. 2017లో నక్షే అనే పోర్టల్ పెట్టి ఉచితంగా దించుకోనిచ్చారు. తీరం పక్క షీట్లు ఒకప్పుడు 'రిస్ట్రిక్టెడ్' ముద్రతో ఉండేవి. నాన్న హయాంలో అయితే బీరువా తాళం తీయించి, రిజిస్టర్లో సంతకం పెట్టి చూడాలి. ఇవాళ నేను మంచం మీద పడుకుని దించేశాను. స్కేలు 1:50,000. డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంది కాబట్టి జరపడాలు, తీసేయడాలు లేవు. వేసిన చోట కూర్చుంది.

కానీ ఇక్కడా 84 డిగ్రీల రేఖ వదల్లేదు. కొత్త సిరీస్‌లో వాడే, భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోసి ఒక్కో జోన్లో చోటుని మీటర్లలో చెప్పే యూటీఎం గ్రిడ్‌లో ఆ రేఖ దగ్గరే 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది. మా బోరు 44లో, చెరువులో ఎక్కువ భాగం 45లో. రేఖకి ఇటు తూర్పు విలువ (జోన్లో ఎంత తూర్పున ఉన్నామో చెప్పే అంకె) సుమారు 8,17,000 మీటర్లు, అటు అడుగు వేస్తే 1,83,000. నేను పొలంలో తీసిన జీపీఎస్ పాయింట్లన్నీ ఒకే జోన్ అనుకుని లోడ్ చేశాను. చెరువు మాయం. వెతగ్గా వెతగ్గా తెలంగాణలో, కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి దరిదాపుల్లో తేలింది.

మొత్తం 44లోకి మార్చి పడేశాను. ఇంత చిన్న ఏరియాకి ఫరవాలేదు.

అసలు నిరాశ తర్వాత. కొత్త షీట్లో కంటూర్లు 20 మీటర్లకి ఒకటి. పాత ఒక అంగుళం షీట్లో 50 అడుగులకి ఒకటి, అంటే 15 మీటర్లు. మాది నాగావళికీ వంశధారకీ మధ్య తీరపు పల్లం. మా పొలాల్లోకి ఈ షీట్లో గానీ ఆ షీట్లో గానీ ఒక్క గీతా రాదు. చెరువు ఉంది, రోడ్లున్నాయి, సప్లై ఛానల్ లేదు. కాలవ నడిచేది అడుగులో భాగాల మీద. దాని మంచిచెడ్డలు 20 మీటర్ల గీతలకేం తెలుస్తాయి?

నాన్న ట్రేసింగ్ మీద మాత్రం గెడ్డ దగ్గర రాతి మదుం (తూము) మీద 31.20, చెరువులో దిగే చోట గడప రాయి మీద 29.35 అని అడుగుల్లో లెవెల్స్ రాసి ఉన్నాయి. తేడా 1.85 అడుగులు, 56 సెంటీమీటర్లు. కాలవ మొత్తానికి ఉన్న వాలు అంతే.

ఫిబ్రవరి 23

కంటూర్లు లేకపోతేనేం, శాటిలైట్ ఎత్తులున్నాయిగా అనుకున్నా. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ 11 రోజుల్లో రాడార్‌తో ప్రపంచంలో దాదాపు 80 శాతం నేలని కొలిచిన ఎస్ఆర్‌టీఎం డేటా. 30 మీటర్లకి ఒక ఎత్తు, ఉచితం. కాలవ గీత వెంట ప్రొఫైల్ (నేల ఎత్తుపల్లాల గీత) గీయించాను.

గెడ్డ దగ్గర 8 మీటర్లు. మధ్యలో 13. చెరువు దగ్గర 7.

అంటే నీళ్ళు అయిదు మీటర్లు పైకెక్కి దిగాలి. నాన్న తప్పు గీశాడా, కాలవ తప్పు తవ్వారా, నాకేదో తేడా కొట్టిందా? సాయంత్రం అరుగు మీద వరసకి మావయ్య అయ్యే పెద్దాయనకి లాప్‌టాప్ చూపించాను. ఎనభై దాటాయి, ఆ చెరువు కిందే సేద్యం. కాసేపు చూసి, "ఏటల్లుడూ, నీ కంప్యూటరు నీళ్ళని కొండెక్కించీసిందా? అది మెట్ట కాదు, జీడితోట" అన్నాడు.

అంతే. అది రాడార్ కదా, చెట్ల పైభాగాన్ని తాకి వెనక్కి వచ్చింది. అది చెప్పిన 13 నేల ఎత్తు కాదు, జీడిమామిడి, సరుగుడు చెట్ల ఎత్తు కలిసినది. పైగా అంకెలన్నీ పూర్తి మీటర్లలోనే ఉంటాయి. కొండల్లో, పార్వతీపురం వైపు అయితే ఈ డేటాతో ఎంతో పని జరుగుతుంది. మా పల్లంలో 56 సెంటీమీటర్ల వాలు కోసం దీన్ని అడగడం, బియ్యం లారీలు తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టడం లాంటిదే.

మార్చి 9

మావయ్యతో నడిచాను. ఫోనులో నాన్న ట్రేసింగ్ తెరిచి, దాని మీద నా నీలం చుక్క కదులుతుంటే. ఈ ఒక్క సుఖం పాతకాలం సర్వేయరుకి లేదు.

నీలం చుక్క జంటగీత మీదికి వచ్చిన చోట కాలవ లేదు. మినుము కోసేసిన పొలం. ఆయన నడుం మీద చెయ్యేసుకుని నిలబడి చేత్తో చూపించాడు. "అదిగో ఆ తాటిచెట్టు, అదిగో ఆ మొదలు, ఆ అవతల ఇంకోటి. అయి కాలవ గట్టు మీద చెట్లు. గట్టు కొట్టీసి మడి చేసీసినారు, చెట్లని మాత్రం కొట్టలేదు." మూడు చెట్లు, రెండు మొదళ్ళు. అయిదింటికీ జీపీఎస్ పాయింట్లు తీశాను. ఇంటికొచ్చి చూస్తే పాత ఒక అంగుళం షీట్లో ఆ తాటిచెట్ల గుర్తుల బారు కూడా ఇదే. నేను దాన్ని అలంకారం అనుకున్నాను.

జీడితోటలో కాలవ ఇంకా ఉంది. మోకాలి లోతు, నిండా ఆకులు. తోట దాటగానే తారురోడ్డు. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు పాత రాతి కల్వర్టు తీసేసి సిమెంటు పైపు పెట్టారట. పైపు అడుగుభాగం నా కళ్ళకే ఎత్తుగా కనిపించింది. కానీ కళ్ళతో చెబితే ఎవరు వింటారు?

మార్చి 23

కాంట్రాక్టు పనులు చేసే స్నేహితుడు ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే దూరదర్శిని పరికరం), స్టాఫ్ (అంకెల కొలకర్ర), ఒక మేస్త్రిని ఇచ్చాడు. ఉదయం ఆరుకి మొదలు. గెడ్డ దగ్గర రాతి మదుం ఇంకా ఉంది, చెరువులోకి దిగే గడప రాయీ ఉంది. రెండూ నాన్న మ్యాపులో అంకెలున్న రాళ్ళే కాబట్టి పోల్చడానికి ఇంతకంటే మంచివి దొరకవు. మధ్య దూరం 940 మీటర్లు. పదకొండు సార్లు పరికరం మార్చి వెళ్ళాం, మళ్ళీ పది సార్లు మార్చి వెనక్కి వచ్చాం. తోటలో స్టాఫ్ కనబడక కొమ్మలు పట్టుకుని నిలబడటం నా డ్యూటీ. జీడి సొన పడి చెయ్యి ఒకచోట కాలింది.

వెళ్ళి మొదలుపెట్టిన రాయికే తిరిగొచ్చేసరికి దాని ఎత్తులో వచ్చిన తేడా, అంటే ముగింపు తేడా, 19 మిల్లీమీటర్లు. మామూలు లెవెలింగ్‌కి దూరం కిలోమీటర్లలో వర్గమూలం తీసి 24తో గుణిస్తే వచ్చేన్ని మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. రానూపోనూ 1.88 కిలోమీటర్లకి మాకది 33. పాస్.

రాయికీ రాయికీ తేడా 61 సెంటీమీటర్లు. 1978 మ్యాపులో 56. చెరువు వైపు రాయి ఒక పక్కకి కుంగినట్టుంది, ఆ అయిదు దాని ఖాతాలో వేశాను. నాన్న ఖాతాలో వేసే ధైర్యం లేదు.

రోడ్డు దగ్గరిది అసలు లెక్క. మదుం నుంచి 520 మీటర్ల దూరంలో కాలవ అడుగు, వాలు ప్రకారం, మదుం రాయి కంటే 34 సెంటీమీటర్లు కింద ఉండాలి. సిమెంటు పైపు అడుగు మదుం కంటే 8 సెంటీమీటర్లు పైన ఉంది. అంటే మొత్తం 42 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో వేశారు. గెడ్డ పొంగి మదుం మునిగితే తప్ప చుక్క నీరు అవతలికి పోదు. వాన తక్కువని తిట్టుకున్న పదిహేనేళ్ళూ ఈ పైపు ఇక్కడే ఉంది.

ఏప్రిల్ 6

పంచాయతీలో ఇవ్వడానికి ఒకే కాగితం మీద అన్నీ వేశాను. కింద శాటిలైట్ బొమ్మ లేతగా, పైన నాన్న కాలవ ఎర్రగీతగా, తాటిచెట్లు, రెండు రాళ్ళు, పైపు, లెవెల్స్ మీటర్లలో. స్కేలు 1:4,000. కొత్త షీట్లో లేని పేర్లు కూడా నాన్నని అడిగి పెట్టాను. టౌన్‌లో ఏ2 సైజు కలర్ ప్రింటు తీయించి సాయంత్రం ఆయన ముందు పరిచాను.

కళ్ళజోడు సర్దుకుని చూశాడు. రంగులు బాగున్నాయన్నాడు. లోపలికెళ్ళి తన పాత త్రికోణపు స్కేలు తెచ్చాడు. రెండు రాళ్ళ మధ్య ఎర్రగీత వెంట ముక్కముక్కలుగా కొలిచి కూడుకున్నాడు.

"ఎంతన్నావు దూరం?"

"తొమ్మిది వందల నలభై మీటర్లు."

"నాలుగు వేల స్కేలుకి ఇరవై మూడున్నర సెంటీమీటర్లు రావాలి. ఇరవై రెండున్నరే ఉంది. ఏ స్కేలు ఇది?"

షాపులో ప్రింటు కొట్టేటప్పుడు 'ఫిట్ టు పేజ్' టిక్కు తీయలేదు. మొత్తం బొమ్మ నాలుగు శాతం చిన్నదైంది. 1:4,000 అన్న అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ కాగితం మీద ఎవరైనా దూరం కొలిస్తే తప్పే వస్తుంది. స్క్రీన్ మీద వంద సార్లు చూశాను, నాకు తట్టలేదు.

"సోమవారం మళ్ళీ తీయించు. ఈసారి స్కేలుబారు కూడా వెయ్యి, కాగితం కుంచించుకుపోయినా బారు దానితోపాటే కుంచించుకుంటుంది" అని, రద్దయిన ప్రింటుని చుట్టచుట్టి అదే పీవీసీ పైపులో పెట్టాడు.

జీడితోట పేరు కూడా తప్పు రాశానట. అది రేపు అడగాలి.